ఎనిమిదో ఊపు

బోథ్ దగ్గర మా ఊరి ముత్యానికి అన్నిటికీ భయమే. కుక్క మొరిగితే భయం, ఉరిమితే భయం, పట్వారి పిలిస్తే చెప్పనే అక్కర్లేదు. అలాంటివాడికి పంతొమ్మిది వందల అరవై మూడులో వ్యవసాయ శాఖవాళ్లు గాలిని కొలిచే పని అప్పజెప్పారని ఊరంతా నవ్వింది.

నిజానికి కొలవాల్సింది గాలిని కాదు, గాలికి జొన్నకర్ర ఎంత వంగుతుందో. ఏ రకం పడిపోతుందో, ఏది నిలుస్తుందో తేల్చాలట. అంగుళాల గీతలున్న వెదురుబద్దను మంచె పక్కన పాతి, ముత్యం పైన కూర్చునేవాడు. కంకి ఎంత వాలింది, గాలి ఆగాక ఎన్నిసార్లు ఊగి నిలిచింది, అంతా రాసేవాడు. మా పాత జొన్న ఏడుసార్లు ఊగేది. ఎనిమిదోది అతను ఎన్నడూ చూడలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం అతని భార్య లింగవ్వ గడ్డి కోయడానికి చేలోకి బయలుదేరింది. ఆ వారమే పక్క ఊళ్లో పులి ఆవును కొట్టింది. ముత్యం వద్దని బతిమాలాడు.

"నీకు బుగులని బర్రె పస్తుంటదా" అని ఆమె కొడవలి పట్టుకుని వెళ్లిపోయింది.

గాలి వీచింది, ఆగింది. ముత్యం అలవాటుగా లెక్కపెట్టాడు. ఐదు, ఆరు, ఏడు. చేనంతా నిలిచింది. వాగు వైపు మాత్రం ఒక వరస ఇంకా ఊగుతోంది. గాలికైతే ముందు కంకి వాలుతుంది. అక్కడ కర్ర మొదలు నుంచే అదురుతోంది. ఆ అదురు మెల్లగా లింగవ్వ కొడవలి చప్పుడు వైపే వస్తోంది.

ముత్యం పై ప్రాణాలు పైనే పోయాయి. పేరు పెట్టి పిలుద్దామంటే ఆ పేరే గుర్తురాలేదు. నోట్లో మిగిలింది ఆ లెక్క ఒక్కటే. మంచె దిగి, వెదురుబద్ద పీకి, జొన్నను బాదుతూ లోపలికి చొరబడ్డాడు.

"ఎనిమిది. తొమ్మిది. పది."

ఏడుస్తూనే అరిచాడు. పదహారు దగ్గర ఎదుట ఏదో గుర్రుమంది. కర్రల అదురు వెనక్కి మళ్లి వాగులోకి దిగిపోయింది.

లింగవ్వ లేచి నిలబడింది. "ఎవలకు లెక్క చెప్తున్నవ్?" అని నవ్వబోయి, తన ముందే తడిమట్టిలో అరచేయంత అడుగుజాడ చూసి కూలబడింది.

ఆ రోజు ముత్యం పుస్తకంలో ఏమీ రాయలేదు. అతని భయం పోలేదు సరికదా, ఇంకా పెరిగింది. లింగవ్వ మాత్రం మళ్లీ ఎన్నడూ ఎగతాళి చేయలేదు. చేలోకి దిగే ముందు గట్టు మీద ఆగి, మంచె వైపు చూసేది.

"ఏడేనా?" అని అడిగేది. అతను ఔనంటేనే దిగేది.