తడి ఇసుక మీదే పోవాలి: వాడరేవు నుంచి మోటుపల్లికి జీపులో

మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం చేయాలని రొంపిచర్ల దగ్గరి పల్లెలో ఒక ముసలావిడ పట్టుబట్టడంతో ఈ ప్రయాణం మొదలైంది. అందరూ స్నానం చేసే వాడరేవులో కాదు, ఇంకా కిందికి, మోటుపల్లి గుడి దగ్గర చేయాలట. ఆవిడ కొడుకు కోటేశ్వరరావు గారు పత్తి, మిరప వేసే పెద్ద రైతు. ఆయన అప్పుడే ఒక పాత డీజిల్ జీపు కొన్నారు. దానికి డ్రైవర్ కావాలి. మా నాన్న మస్తాన్ నరసరావుపేటలో పదిహేనేళ్ళు జీపు తోలాడు కానీ, ఓనరు బండి అమ్మేయడంతో రెండు నెలలుగా ఖాళీగా ఉన్నాడు. "సముద్రం దాకా తోలుకొని రా మస్తానూ, నీ చెయ్యి చూసి ఖాయం చేస్తా," అన్నారు ఆయన.

నేను వెళ్ళిన కారణం వేరు. నాన్న కళ్ళకి పొర కమ్మింది. ఆ సంగతి నాకు తప్ప అమ్మకి కూడా తెలియదు. దసరా సెలవుల్లో ఒకరోజు, ఎదురుగా వస్తున్న లారీని ఆగి ఉందనుకొని నన్ను పక్కన పెట్టుకునే దాని మీదికి పోయాడు. ఆఖరి క్షణంలో తప్పింది. ఆ సాయంత్రం వంటింట్లో కూర్చోబెట్టి అతనికి ఇరవై ఇంగ్లీషు మాటలు నేర్పాను. లెఫ్ట్, రైట్, స్లో, స్టాప్, కార్ట్, లారీ, డాగ్, అలాంటివి. మా ఇంటి ఉర్దూలో చెబితే ఎక్కినవాళ్ళు ఏదో దాస్తున్నామని అనుకుంటారు. ఇంగ్లీషు అయితే పిల్ల చదువుకుంటోంది అనుకుంటారు. నేను నాయనమ్మా అని పిలిచే ఆ ముసలావిడకి స్నానం దగ్గర చీర అడ్డం పట్టుకోవడానికి ఒక ఆడపిల్ల ఉంటే మంచిదని నాన్నే అడిగి నన్ను ఎక్కించాడు.

పొద్దున ఆరింటికి నరసరావుపేటలో బయలుదేరాం. ముందు సీట్లో నాన్న పక్కన నేను, ఒళ్ళో గ్రామర్ పుస్తకం. నాయనమ్మకి బండిలో ఒళ్ళు తిప్పుతుందని ఆవిణ్ణి పట్టుకొని కోటేశ్వరరావు గారు వెనక కూర్చున్నారు. చిలకలూరిపేటలో డెబ్బై రూపాయలకి ఇరవై లీటర్ల డీజిల్ పోయించుకొని, పర్చూరు మీదుగా చీరాల దారి పట్టాం. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు పేటలోనే డీజిల్ నింపుకోవడం మంచిది. పొద్దున పూట పొగాకు బళ్ళు, గేదెల మందలు ఎక్కువ. నేను తల పుస్తకం మీద ఉన్నట్టు వంచి, కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉంచి, "ఎ బుల్లక్ కార్ట్ ఈజ్ కమింగ్. ఎ డాగ్ ఈజ్ సిట్టింగ్ ఆన్ ద లెఫ్ట్," అని పైకి చదువుతూనే ఉన్నాను. నాన్న స్లో చేస్తున్నాడు, తిప్పుతున్నాడు.

"చానా శ్రద్ధయ్యా నీ పిల్లకి," అన్నారు కోటేశ్వరరావు గారు. "జీపులో కూడా వదలట్లా."

"ఏం శ్రద్ధరా, గుడ్డు పెట్టబోయే కోడిపెట్టలా ఒకటే గొణుగుడు," అంది నాయనమ్మ. "ఏమే పిల్లా, ఆ బుక్కులో అన్నీ కుక్కలూ బళ్ళేనంటే?"

"ఈ పాఠంలో అవే నాయనమ్మా," అన్నాను. అరచేతుల చెమటకి పుస్తకం అట్ట మెత్తబడింది. మూడు గంటల పాటు రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా చూడటమంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుస్తుంది. చీరాల చేరేసరికి తొమ్మిదైంది. మెడ నరాలు పట్టేశాయి. బస్టాండు పక్కన హోటల్లో ఇడ్లీ తిన్నాం. నేను ఒకటి కూడా పూర్తి చేయలేకపోయాను.

వాడరేవుకి అక్కడి నుంచి అరగంట కూడా పట్టదు. తారు రోడ్డు ఊళ్ళోనే అయిపోతుంది. ఆ తర్వాత దక్షిణంగా మోటుపల్లి వైపు దారి అంటూ లేదు, ఒడ్డే దారి. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క తెల్లటి ఇసుక దిబ్బలు, వాటి మీద రావణాసురుడి మీసాలు అనే ముళ్ళ గడ్డి. మనిషి లేడు, నీడ లేదు. ఎండు చేపలు ఆరబోస్తున్న ఒకావిణ్ణి నాన్న దారి అడిగాడు.

"పోద్ది. నీళ్ళ అంచునే పోండి, తడి మీద," అంది ఆవిడ.

"తడి మీదా?" కోటేశ్వరరావు గారు నవ్వారు. "ఆమె మాట వినమాక మస్తానూ. తడిలో దిగితే ఇంక లేచుద్దా బండి? మన రేగడి చూళ్ళా? పొడి మీద పో."

నాన్న కూడా తల ఊపాడు. మా పల్నాడు వాళ్ళకి పుట్టినప్పటి నుంచీ తెలిసింది ఒకటే. నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే బురద. ఇసుకకి అది తిరగబడుతుందని మాలో ఎవరికీ తెలియదు. రెండు కిలోమీటర్లు పోయామో లేదో, పొడి ఇసుకలో జీపు వెనక చక్రాలు సగానికి దిగబడ్డాయి. నాన్న రేజ్ చేసేకొద్దీ ఇంకా దిగాయి.

చేతులతో ఇసుక తోడుతూ గంట గడిపాం. చివరికి వలలు బాగు చేసుకుంటున్న ఒక ముసలి జాలరి లేచి వచ్చి చక్రాలకేసి చూశాడు.

"యాడ నుంచి వచ్చారయ్యా?"

"నరసరావుపేట," అన్నాడు నాన్న.

"అనుకున్నాలే. మెట్టోళ్ళంతా ఈడే దిగబడతారు." నాలుగు చక్రాల్లోనూ సగం గాలి తీయించాడు. చక్రాల కింద తాటి కమ్మలు పరిచి, మాతో పాటు తనూ తోశాడు. జీపు తడి మీదికి వచ్చాక చెప్పాడు. "పోటు దిగింది, తడి వెడల్పుగా ఉంది. సాయంత్రానికి మళ్ళీ ఎక్కుద్ది, నాలుగింటికల్లా వెనక్కి వచ్చేయండి. ఒక్కటి గుర్తు పెట్టుకోండి. మసకగా ఉన్న తడి గట్టిది. అద్దంలా మెరిసే చోటికి మాత్రం పోవద్దు, అది ఊబి."

పన్నెండు కావస్తోంది. నాన్న కళ్ళకి ఎండ పడితే అంతా మెరుపే. మసకేదో, అద్దమేదో అతనికి ఎలా తెలుస్తుంది? అతను నా వైపు చూశాడు. వద్దని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పుస్తకం తెరిచాను.

తడి మీద జీపు తారు రోడ్డు మీద పోయినట్టే పోయింది. "గో స్ట్రెయిట్. గో లెఫ్ట్. గో స్ట్రెయిట్." వెనక నాయనమ్మ కళ్ళు మూసుకొని దేవుణ్ణి తలుచుకుంటోంది. అలలు చక్రాల దాకా వచ్చి పోతున్నాయి. ఒక వాగు సముద్రంలో కలిసే చోట, ముందు పెద్ద మడుగంత మేర ఇసుక ధగధగా మెరుస్తోంది. "గో రైట్," అన్నాను. ఇంజన్ మోత, గాలి హోరు, నాన్నకి వినపడలేదు. "రైట్!" జీపు నేరుగా ఆ మెరుపులోకే పోతోంది. నాకు ఇంగ్లీషు ఆగిపోయింది.

"నాన్నా కుడికి! నీకు కనపడట్లా, కుడికి తిప్పు!"

రెండు చేతులతో స్టీరింగు పట్టుకొని లాగేశాను. జీపు ఒరిగి, గట్టి ఇసుక మీద గిరుక్కున తిరిగి ఆగిపోయింది. ఎడమ చక్రం పక్కనే ఇసుక గంజిలా కదులుతోంది.

కోటేశ్వరరావు గారు దిగి వచ్చి నాన్న ముఖం ముందు మూడు వేళ్ళు పెట్టారు. "ఎన్ని?"

నాన్న కళ్ళు చిట్లించి చూశాడు.

"అంటే పొద్దుట్నుంచీ ఈ పిల్ల చదివిన పాఠం ఇదా? మా అమ్మనెక్కిచ్చుకొని, గుడ్డోడివై ఉండి, ఇంత దూరం..." నేను దిగి తల దించుకొని నిలబడ్డాను. ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు.

నాయనమ్మ నెమ్మదిగా దిగింది. "మోటుపల్లి వద్దు, ఏం వద్దు. నా స్నానం ఈడే," అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "వాడికి కళ్ళు లేవు, సరే. నీకు చెవులు లేవంట్రా? తడి మీద పొమ్మని ఆ చేపలామె చెప్పలా? వాళ్ళు చేసింది తప్పే. నువ్వు మాత్రం ఏం ఒరగబెట్టావు?"

ఆవిడ మోకాళ్ళ లోతులో కూర్చుంటే నేను భుజాలు పట్టుకున్నాను. ఒడ్డున చీర అడ్డం పట్టుకున్నాను. "ఎన్నాళ్ళ నుంచే?" అంది మెల్లగా. "దసరా నుంచి," అన్నాను. "అమ్మకి చెప్పు. ఇయ్యాలే చెప్పు," అంది.

తిరుగు ప్రయాణంలో కోటేశ్వరరావు గారే తోలారు. ఆయనకి ట్రాక్టరు అలవాటే. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "తెలుగులో చెప్పమ్మాయ్, నాకు మీ ఇంగ్లీషు రాదు," అన్నారు, నవ్వకుండా. మసక, మెరుపు, మసక అని చెబుతూ మూడున్నరకి వాడరేవు చేర్చాను. అక్కడ నాలుగు టైర్లకీ గాలి కొట్టించారు. నరసరావుపేటలో దిగేటప్పుడు నాన్నతో ఒక్క మాటే అన్నారు. "కళ్ళు బాగు చేయించుకొని కనపడు. అప్పుడు చూద్దాం." ఖాయమనీ అనలేదు, కాదనీ అనలేదు.

ఒడ్డు అందంగా ఉంటుందా అని ఎవరైనా అడిగితే నాకు తెలియదు. ఇసుక రంగు తప్ప నేనేమీ చూడలేదు. గుర్తున్నది పర్చూరు దాటాక సంగతి. వెనక సీట్లో, నాయనమ్మ పక్కన, నాన్న నిద్రపోయాడు. తల కడ్డీకి ఆనించి, నోరు తెరిచి. బండిలో అతను నిద్రపోగా నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా ఒక ఎడ్లబండి వస్తోంది. నేను ఎవరికీ చెప్పలేదు. నాన్న కళ్ళ సంగతి ఆ రాత్రి అమ్మకి చెప్పాను. వచ్చే నెలలో ఆపరేషన్. ఇది రాయడానికి ఒప్పుకున్నది నాన్నే.

ఆ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. బయలుదేరే ముందు, బండి తోలే మనిషిని దూరంగా ఉన్న ఏదో ఒక బోర్డు చదవమనండి. ఆ పొద్దున మా నాన్నని ఎవరూ అడగలేదు. అడగకూడదనే నేను దారంతా చదువుతూ కూర్చున్నాను.