మోతలో చదివిన పాఠాలు

మా రాజ్యలక్ష్మమ్మ అత్త ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌ను చూసిన ప్రతిసారీ నాకు ఒకటే కోపం. కొనేముందు నన్నొక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? కర్నూలులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. బంధువుల్లో ఎవరి ప్రింటరు మొరాయించినా ఫోను నాకే వస్తుంది. కొనేటప్పుడు మాత్రం ఈ తనూజ ఎవరికీ గుర్తురాదు.

కొన్నది అత్త కాదు, మామ. మునిరత్నం మామకు డోన్‌లో బోరు మోటార్ల షాపు ఉంది. అవసరానికి మించి ఒక హార్స్ పవర్ ఎక్కువే తీసుకో, పదేళ్లు దానివైపు తిరిగి చూడక్కర్లేదు అని ముప్పై ఏళ్లుగా రైతులకు చెబుతూ వస్తున్నాడు. అత్త టీచరుగా రిటైరయ్యాక ఆమెకొక కంప్యూటరు కావాల్సి వచ్చింది. మామ కర్నూలు వచ్చి, మా కాలేజీ గేటు ముందు నుంచే ఆటోలో పోయి, షాపులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చేత్తో ఎత్తి చూసి, అన్నిటికంటే బరువైనదీ బలమైనదీ పట్టుకొచ్చాడు. తీరా చూస్తే అది కుర్రకారు ఆటలాడుకునే లాప్‌టాప్. చార్జరుతో కలిపి నాలుగు కిలోలు. మీటలు ఎరుపు, నీలం, పచ్చ రంగుల్లో వినాయక చవితి పందిరిలా వెలుగుతాయి. ఎప్పుడూ ప్లగ్గులో పెట్టి ఉంచాలి, లేకపోతే గంటలో బ్యాటరీ అయిపోతుంది.

"ఏం మామా, అత్త ఈ వయసులో కార్ల పందేలు ఆడాలనా?" అని అడిగాను.

"నీకేం తెల్సు తనూజా. చిన్న మోటారు పెట్టి కాల్చుకున్నోళ్లను ఎంతమందిని చూసినా నేను!" అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు.

అత్త మాత్రం దాన్ని ఏమీ అనలేదు. కొత్తగా బడికి వచ్చిన అల్లరి పిల్లవాడిని దారికి తెచ్చుకున్నట్టు తెచ్చుకుంది. రంగులన్నీ ఆర్పించి, మీటలు కనపడేలా తెల్ల వెలుతురు ఒక్కటి ఉంచమంది. ఊసుపోక ఊలుతో దానికొక ముసుగు అల్లి, అది పనిచేస్తున్నప్పుడు కూడా కప్పి ఉంచింది. ఊపిరాడక ఆ లాప్‌టాప్ గోల పెడితే నేను పోయి ముసుగు లాగేశాను. అప్పటినుంచి ముసుగు పడుకునే వేళకే. కింద గాలి ఆడాలంటే, బడి నుంచి తెచ్చుకున్న రెండు ఖాళీ సుద్దముక్కల డబ్బాలు పెట్టింది. నెలకోసారి మామ షాపు నుంచి బ్లోయరు తెచ్చి అందులో చేరిన డోన్ దుమ్మంతా ఊదేస్తాడు.

ఇంతకూ ఆ కంప్యూటరుతో ఆమెకేం పని అంటే, శివశంకర్ కోసం.

శివశంకర్‌ది బేతంచెర్ల పక్క ఊరు. పుట్టుకతోనే చూపు లేదు. హైస్కూల్లో అత్త దగ్గర సాంఘిక శాస్త్రం చదువుకున్నాడు. తర్వాత బి.ఎడ్. కూడా చేశాడు. ఇప్పుడు టీచరు ఉద్యోగానికి పరీక్ష రాయాలి. ఫోను అక్షరాలు చదివి వినిపిస్తుంది గానీ పటాలూ బొమ్మలూ చదవదు. అందుకని పుస్తకంలోని నలభై నాలుగు పాఠాలూ తానే చదివి, పటాలను మాటల్లో చెప్పి రికార్డు చేసి ఇస్తానని అత్త మాటిచ్చింది. ఆమెకు ఒక కన్ను ఆపరేషను అయింది, రెండోది మసక. నేను పుస్తకమంతా ఫొటోలు తీసి లాప్‌టాప్‌లో పెట్టాను. పదిహేడు అంగుళాల తెర మీద ఒక్కో అక్షరం గోలీకాయంత చేసుకుని, మెడలో చిన్న మైకు తగిలించుకుని ఆమె చదివేది. మామ బలం చూసి కొన్నాడు గానీ, అత్తకు పనికొచ్చింది ఆ తెర వెడల్పు.

మొదటి పాఠం మొదట్లోనే నవ్వుతూ చెప్పింది: "శంకరా, యెనకాల వచ్చే సద్దు మా కంప్యూటర్ది. కరెంటు ఉన్నంతసేపూ మోత పెడతాది. కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తాది గదా, అప్పుడు నోరు మూస్తాది."

ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్న వారంలోనే కరెంటు పోయినప్పుడు, ఆ చార్జరు లాగుడుకు ఇంట్లో ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. మామ వెంటనే ఆ గది లైనంతా ఇన్వర్టరు నుంచి తప్పించాడు. దాంతో కరెంటు పోతే ఆ గదిలో ఫ్యానూ ఆగేది; దానికి మాత్రం వేరే వైరు నాలుగు రోజుల్లో లాగుతానన్నాడు. ఫిబ్రవరిలో అన్నాడు. మే నెల వచ్చినా ఆ నాలుగు రోజులు రాలేదు.

మే చివర్లో ఒకరోజు డోన్ నుంచి కర్నూలుకు బస్సులో వస్తూ, అత్త చదివిన పాఠం ఒకటి నా ఫోన్లో పెట్టుకుని విన్నాను. నలభై రెండు డిగ్రీల ఎండలో ఆ లాప్‌టాప్ చల్లబడడానికి లోపలి చిన్న ఫ్యాన్లతో పెడుతున్న మోత అత్త గొంతు మీద ఎక్కి కూర్చుంది. పిండి మర ముందు నిలబడి పాఠం చెప్పినట్టుంది. మోత తగ్గించే ఏర్పాట్లు ఉన్నవన్నీ నేను ముందే చేశాను, ఆ ఎండకు అవేవీ ఆగలేదు. తర్వాతి వారం ఆ పాఠాన్ని అత్తకు వినిపించాను. ఆమె అంతవరకు రికార్డులో తన గొంతు తాను ఎప్పుడూ వినలేదు.

"ఈ మోతలోనా వాడు ఇన్నాళ్లూ సదువుతాండాడు?" అంది. ఆ ముఖం చూసి, ఎందుకు వినిపించానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పటికి ముప్పై ఏడు పాఠాలు అయ్యాయి. పరీక్షకు ఐదు వారాలుంది. అన్నీ మొదటి నుంచి మళ్లీ చదువుతానని అత్త పట్టు పట్టింది. మోత చేయని చిన్న లాప్‌టాప్ ఒకటి నేను చూశాను, ఇది తీసుకుని అది ఇవ్వడానికి షాపువాళ్లు ఒప్పుకున్నారు. చిన్న తెర మీద అత్త కళ్లు ఎంత సేపు ఆగుతాయో నాకు తెలియదు. మళ్లీ మొదటికి వస్తే మిగిలిన ఏడు పాఠాలు పరీక్షలోపు అందవని మాత్రం తెలుసు. మోత ఉన్న పాఠాలా, సగంలో ఆగిన పాఠాలా? శివశంకర్ ఏదో ఒకదానితో పరీక్షకు పోవాలి.

ఆదివారం లాప్‌టాప్ తీసుకెళ్లడానికి పెద్ద సంచితో డోన్ వెళ్లాను. నేను చార్జరు చుడుతుండగా శివశంకర్ తర్వాతి పాఠాల కోసం వచ్చాడు. కర్రతో గడప చూసుకుని, చెప్పులు విడిచి, "మేడం" అన్నాడు. అత్త కుర్చీ అతని చేతికి అందించింది.

"శంకరా, ఈ మిషను ఇంత మోత చేస్తాదని నాకు తెలీలేదప్పా. నువ్వన్నా ఒక మాట చెప్పుంటే బాగుండు గదా."

"ఓ, అదా మేడం! మా ఇల్లు బండలు కోసే ఫ్యాక్టరీ పక్కనే గదా. పుట్టినకాడ్నుంచి మోతలోనే మాటలు ఏరుకుంటాండా. ఇదొక లెక్కా?" అని నవ్వాడు.

"నా మనసు నొచ్చుకుంటాదని అట్ల అంటాండావు. ముప్పై ఏడూ మళ్లా సదువుతా."

శివశంకర్ నవ్వు ఆపేశాడు. "మళ్లా సదివితే మిగిలిన ఏడూ ఎప్పుడు సదువుతారు మేడం? అవి ఒదిలేసి రాయాల్నా పరీక్ష?"

అతనే మళ్లీ మెల్లగా అందుకున్నాడు.

"ఇరవై మూడో పాఠం ఋతుపవనాలు. జేబులో దస్తీని మూలగా మడిచి పట్టుకో, కిందికి వేలాడే కొన కన్యాకుమారి, ఎడమ అంచుకు ముందు వాన తగుల్తాది అని చెప్తాండారు మీరు. ఆడ మోత ఆగిపోయింది. కరెంటు పోయినాది. ఆ గదిలో ఫ్యాను గూడా ఆగిపోతాదని మీరే ఒకసారి చెప్పినారు. ఆన్నుంచి ముప్పై ఎనిమిది నిమిషాలు సదివినారు మేడం. నడుమ రెండుసార్లు నీళ్లు తాగినారు. పాఠం మాత్రం ఆపలేదు."

"బ్యాటరీ ఉన్నింది గదప్పా. సగంలో ఆపితే పటం మళ్లా మొదటినుంచి చెప్పాల," అంది అత్త, తప్పు చేసి దొరికిపోయినట్టు.

"ఆ మోత లేకుంటే నాకది తెలిసేదే కాదు. ఆ పాఠం నాలుగుసార్లు ఇన్నా. ఇన్నప్పుడల్లా మా ఇంట్లో నేను గూడా ఫ్యాను ఆపేసి ఇన్నా మేడం."

నా చేతిలో చార్జరు అలాగే ఉండిపోయింది. సిగ్గేసింది నాకు. కంప్యూటర్లు తెలిసినదాన్నని విర్రవీగి, ఆ పాఠాల్లో నేను విన్నది మోత ఒక్కటే. ఇతను మోత ఆగిన చోటు కూడా విన్నాడు. అత్త కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది, తుడవాల్సింది అద్దాలు కాకపోయినా.

వసారాలో పేపరు చదువుతున్న మామ ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో మేం చూడలేదు.

"ముప్పై ఎనిమిది నిమిషాలా?" అన్నాడు అత్తతో. "ఈ ఎండల్లోనా? నాకు చెప్పలేదేమే?"

"నాలుగు రోజుల్లో వైరు లాగుతానంటిరి గదా. లాగుతారులే అనుకున్నా," అంది అత్త.

మామ పేపరు మడిచి పక్కన పెట్టాడు. లోపలికి పోయి స్టూలు తెచ్చుకున్నాడు. "తనూజా, ఆ సంచి పక్కన పెట్టి టెస్టరు అందుకోమ్మా" అన్నాడు. అరవై ఐదేళ్ల మనిషి ఆ ఉక్కపోతలో స్టూలెక్కి, ఫ్యాను ఒక్కదానికే ఇన్వర్టరు నుంచి వేరే వైరు లాగాడు. పావుగంట పని. అది చేయడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది.

ఈలోగా నేను లాప్‌టాప్‌ను సంచిలోంచి తీసి మళ్లీ సుద్దముక్కల డబ్బాల మీద పెట్టాను. అత్త మైకు మెడలో తగిలించుకుని ముప్పై ఎనిమిదో పాఠం తెరిచింది. మోత మొదలైంది. మామ స్టూలు దిగి, పరీక్షించడానికి మెయిన్ స్విచ్ కట్టేశాడు. మోత ఆగింది. నెత్తిన ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

శివశంకర్ ముఖం పైకెత్తి ఆ గాలిని కాసేపు తగలనిచ్చుకున్నాడు.

"అయితే ఇంగ నేను గూడా ఫ్యాను ఏసుకొని ఇంటా మేడం," అన్నాడు.