దసరా మరునాడు మొరాయించిన కంప్యూటర్

ఈ సంగతి నేనే రాసిపెట్టాలి. ఎందుకంటే మా చెల్లెలు లావణ్య ఏ పెళ్లికి పోయినా దీన్నే చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ, మార్కెట్ యార్డులో పసుపు బస్తాకు తీసినట్టు నా తెలివికి ఇంకో రెండు కిలోల తరుగు తీస్తోంది. ముందే హెచ్చరిస్తున్నాను: ఇందులో ఒక కంప్యూటర్, ఒక ఉద్యోగం, నా పరువు ఒకే పూట ప్రమాదంలో పడతాయి. మొదటి రెండూ బతికాయి.

ఆర్మూర్ గ్రంథాలయంలో కంప్యూటర్ల మీదున్న నాలుగు పుస్తకాలూ నేను చదివాను. నాలుగోది రెండుసార్లు. ఆ ధీమాతో దసరా నాడు మా ఇంటి కంప్యూటర్‌కు పూజ నేనే చేశాను. బొట్లు పెట్టి, బంతిపూలు చల్లి, కీబోర్డు చుట్టూ దారం తిప్పి బొటనవేలంత పసుపు కొమ్ము బిగించి కట్టాను.

"మూడు దినాలదాక ఎవ్వలు ముట్టద్దు!" అని ఇంట్లో హుకుం వేశాను.

మరునాడు పదకొండింటికి లావణ్యకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఫోన్‌లో కుదరదు, కంప్యూటరే కావాలన్నారు. బీడీలు చుట్టే వేళ్లతోనే టైపింగ్ నేర్చుకున్న పిల్ల. పదింటికి స్విచ్ వేస్తే నీలం తెర, దాని నిండా సెట్టింగుల పట్టికలు. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ అదే.

"అన్నా, గిదేందే?"

"ఫికర్ చెయ్యకు. ఫర్మ్‌వేర్ జబ్బు. అంటే, కంప్యూటర్‌ను నిద్ర లేపే ప్రోగ్రాం."

"గది లేపకుంటే నువ్వు లేపు. నాకు గంటే ఉంది."

నాకు తెలిసిన సెట్టింగులన్నీ మార్చాను. పూజ చెడకుండా కొమ్మును తప్పించి, పక్క మీటలనే భక్తిగా నొక్కాను. లాభం లేదు. పక్కింటి ఇర్ఫాన్ భాయ్ దగ్గర స్క్రూడ్రైవర్ తెచ్చి, పెట్టె విప్పి, లోపల బిళ్లంత బ్యాటరీని పీకి మళ్లీ పెట్టాను.

"గిట్లనే చెయ్యమని రాసుందా?" అంది లావణ్య.

"నాలుగో పుస్తకంల ఉంది."

నీలం తెర నన్ను చూసి నవ్వింది. లావణ్య కళ్లలో నీళ్లు. పదకొండుకు పది నిమిషాలుందనగా మా అవ్వ రాజవ్వ చేట పట్టుకుని వచ్చింది.

"ఏందిరా సీను, గా డబ్బ కడుపు గట్ల కోసినవ్?"

"నీకు తెల్వదవ్వా. జర ఆగు."

"నాకు తెల్వది గని, గా కొమ్ము కింద మీట లోపటికి పోయి ఉన్నది. నీకు కండ్లు కానొస్తలేవా?"

అంటూనే దారం తెంపింది. కింద ఉన్నది డిలీట్ మీట. స్విచ్ వేసేటప్పుడు దాన్ని నొక్కి ఉంచితే సెట్టింగుల తెర వస్తుందని నాలుగో పుస్తకంలో ఉంది. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసింది కూడా నేనే!

ఈసారి కంప్యూటర్ బుద్ధిగా లేచింది. కానీ ఇంటర్వ్యూ తెరుచుకోలేదు. బ్యాటరీ పీకిన పుణ్యాన తారీఖు ఏళ్ల వెనక్కి పోయింది; తారీఖు తప్పితే ఇంటర్వ్యూ సైటు లోపలికి రానివ్వదు.

"అన్నా, గిది నన్ను మళ్ల ఐదో తరగతిల కూసోబెట్టింది! జరుగు!" అని లావణ్యే తారీఖు సరిచేసి, రెండు నిమిషాల ముందు కుర్చీలో కూర్చుంది. ఉద్యోగం వచ్చింది. కొమ్ము అవ్వ రోట్లోకి పోయింది.

స్క్రూడ్రైవర్ ఇచ్చిన ఇర్ఫాన్ భాయ్‌కి, పెన్సిల్ గీతను క్షమించిన లైబ్రేరియన్ నర్సింలు సారుకు, నన్ను జరిపిన లావణ్యకు, దారం తెంపిన రాజవ్వకు నా కృతజ్ఞతలు. ఇకమీదట అవ్వ ఒకసారి చూసి పోయేదాకా ఏ యంత్రం కడుపూ కోయనని ప్రమాణం చేస్తున్నాను. సాక్షి కావాలంటే, డిలీట్ మీట మీది పసుపు మరక ఇంకా పోలేదు.