కాగితాన్ని కళ్లకద్దుకున్నాను, ముఖం చూడలేదు

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. అందుకేనేమో, రాసి జైలుకెళ్లినవాళ్లంటే నాకు చెప్పలేనంత గౌరవం. కెనడాలోని సార్నియాలో, మా కాలేజీ చరిత్ర క్లాసులో విప్లవకాలపు రచయిత ఒకాయన గురించి చెప్పారు. రాజును తిడుతూ కరపత్రాలు రాసి జైలుకెళ్లినవాడు. ఆయన నిలువెత్తు చిత్రం లండన్‌లోని ఒక చిన్న గ్యాలరీకి కొన్నాళ్లకోసం వచ్చిందనీ, ఆ ఆదివారమే ఆఖరనీ తెలిసింది. ఇంగ్లండులోది కాదు, మన ఒంటారియోలో ఉన్న లండనే. క్లాసులో సగానికి పైగా మనవాళ్లమే అయినా అందరికీ వీకెండ్ షిఫ్టులు. చివరికి నేనుండే ఇంట్లోని సీనియర్, ఒంగోలు సుష్మక్క, కారు తీసింది.

"బొమ్మ చూడ్డానికి గంట డ్రైవా? వచ్చేటప్పుడు ఇండియన్ స్టోర్‌లో ఆపుతానంటేనే వస్తా. గోంగూర తిని ఎన్నాళ్లయిందో!" అంది.

నాలుగు వందల రెండో నంబరు హైవే మీద తిన్నగా తూర్పుకు వెళ్తే గంటకు కొంచెం పైన పడుతుంది. బస్సుల్ని నమ్ముకోవద్దు. పెట్రోలు ఖర్చు ఇద్దరం పంచుకున్నాం. ఆదివారం కాబట్టి పక్క వీధిలో పార్కింగ్ ఊరికే దొరికింది. గ్యాలరీకి టికెట్ లేదు, తోచింది డబ్బాలో వేయడమే. మేం వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

చిత్రం లోపలి గదిలో, దాదాపు నేలను ఆనుకుని ఉంది. ముందు తాడు లేదు, నేల మీద గీత మాత్రమే. నల్లకోటు, చేతిలో కలం. కాళ్ల దగ్గర చెదిరిన కాగితాలు. వాటిలో ఒకదాని మీద ఆయన బూటు మడమ ఆనుతోంది. నా చూపు అక్కడే ఆగిపోయింది. మా అమ్మకు చదవడం రాదు. పల్లీలు కట్టిన పేపరు ముక్క కాలికి తగిలినా తీసి కళ్లకద్దుకునేది, మాచేత అద్దించేది. నా చెయ్యి దానంతట అదే వెళ్లింది. వంగి ఆ కాగితాన్ని వేళ్లతో తాకి, రెండు కళ్లకూ అద్దుకున్నాను.

అలారం గంట మోగింది. కాపలా ఆవిడ పరుగున వచ్చింది.

"వెనక్కి రండి! ముట్టుకున్నారా?"

"ముట్టుకున్నాను."

"ఎందుకు?"

"కాగితం... కాలు..." అంతకుమించి ఇంగ్లీషు రాలేదు.

సుష్మక్క మోచెయ్యి పట్టి లాగింది. "పదవే బాబూ, పేరూ గట్రా అడుగుతారు. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ అప్లై చెయ్యాల్సినోళ్లం!"

పేరు రాసుకున్నారు, తిట్టలేదు. కానీ రంగు చెదిరిందేమో నిపుణులు చూడాలంటూ అందరినీ బయటికి పంపి, ఆ రోజుకు గది మూసేశారు. మర్నాడు చిత్రం పెట్టెలోకెక్కి వెళ్లిపోతుంది.

అప్పుడొచ్చాడు ఒక పెద్దాయన, వాకర్ తోసుకుంటూ, కూతురి వెంట. మూసిన తలుపు చూసి, "ఇవాళే ఆఖరు కదా?" అని కూతుర్ని అడిగాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"వెళ్లకే, నీకెందుకు?" అని సుష్మక్క అంటూనే ఉంది. వెళ్లాను. "సారీ అంకుల్, నా వల్లే మూసేశారు," అని చెప్పాను. ఈసారి వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, ఎలా జరిగిందో కూడా చెప్పాను. కూతురి ముఖం ఎర్రబడింది. ఆయన మాత్రం బెంచీ మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు.

"అయితే అంత దగ్గర నుంచి చూశావన్నమాట. నా దగ్గరున్న పుస్తకంలో బొమ్మ చిన్నది. నవ్వుతున్నాడో, కోపంగా ఉన్నాడో నలభై ఏళ్లుగా తేలలేదు. చెప్పు, నవ్వుతున్నాడా?"

నోరు తెరిచాను. బూటు గుర్తుంది, దాని మీది బురద చుక్క గుర్తుంది. ముఖం లేదు. నవ్వుతున్నాడని అనేద్దామనుకున్నాను, ఆయన సంతోషించేవాడు కూడా.

"చూడలేదంకుల్."

"కాగితంలో ఏం రాసుంది మరి?"

"అక్షరాలు కావు. దగ్గరికెళ్తే ఉత్త గీతలే."

ఆయన తలూపి, వాకర్ అందుకున్నాడు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

సాయంత్రం చిత్రానికేం కాలేదని చెప్పారు. గది మాత్రం తెరవలేదు. తిరుగు దారిలో సుష్మక్క గోంగూర కట్టలు నా ఒళ్లో పెట్టి నవ్వించబోయింది, నాకు నవ్వు రాలేదు. అమ్మ నేర్పినదానికి నేను సిగ్గుపడటం లేదు. ఆ రచయిత కోసమే వెళ్లి, ఆయన కాళ్ల దగ్గరే ఆగిపోయి, మరొకరు నలభై ఏళ్లుగా దాచుకున్న ప్రశ్నకు జవాబు దొరక్కుండా చేసినందుకు సిగ్గుపడుతున్నాను. తర్వాత ఆ ముఖాన్ని ఫోన్లో, నెట్‌లో వెతికి పెద్దది చేసి చూడబోయి, ఆపేశాను. ఆ పెద్దాయనకు దక్కనిది నాకు మాత్రం ఎందుకనిపించింది.

ఎప్పుడైనా ఇలాంటి చిత్రం చూడ్డానికి మీరు వెళ్తే ఒక్క సలహా: గదిలోకి అడుగుపెట్టగానే రెండు చేతులూ వెనక్కి కట్టుకోండి, ముందు ముఖం చూడండి.