చుక్కల చేపకు పొడుగు లెన్సు

నేను చేసిన తెలివితక్కువ పనులు చాలా ఉన్నాయి గానీ, మూరల్లో కొలవదగ్గది ఒక్కటే. అది మేమెక్కిన పడవకంటే పొడుగు. మీ ముందు నా పరువు ఏమైనా మిగిలి ఉంటే, ఇది చదివాక మిగలదు.

అరవైల మొదట్లో నెల్లూరులో రాఘవయ్యగారి ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. ఆయన దగ్గర రెండు కెమెరాలు, మూడు లెన్సులు ఉండేవి. ఒక లెన్సు వెడల్పుగా చూసేది. పెళ్ళివారంతా ఎదురుగా నిలబడినా ఒక్కరినీ బయట పెట్టదు. రెండోది మన కన్ను చూసినట్టే చూసేది. మూడోది జానెడు పొడుగు. దూరాన ఉన్నదాన్ని ముక్కు దగ్గరికి లాక్కొచ్చేది. అది బిగించిన కెమెరా మెడలో వేసుకుంటే నేను ఫోటోగ్రాఫర్నని ఎవరికీ చెప్పక్కర్లేదు. నా ప్రేమంతా దానిమీదే.

ఒకసారి విడవలూరుకు ఈ సరంజామా మొత్తం, మూడుకాళ్ళ స్టాండుతో సహా మోసుకుపోయాను. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టని సామెత; నేను పిల్లితోపాటు దాని పిల్లల్ని కూడా పెట్టుకున్నాను. గట్టు మీద బరువు ఒకవైపుకు లాగేసి మడిలో పడితే, నాట్లేసే ఆడవాళ్ళు నలుగురు కలిసి పైకి లాగారు. కెమెరాలను ఎత్తి పట్టుకున్నాను కాబట్టి వాటికేమీ కాలేదు.

అందుకే, సముద్రం ఒడ్డున జువ్వలదిన్నెలో చేపలు పట్టే పోలయ్య పడవెక్కి బెస్తవాళ్ళ బొమ్మలు తీసి మద్రాసు వారపత్రికకు పంపుతానన్నప్పుడు రాఘవయ్యగారు నెమ్మదిగా చెప్పారు.

"బరువు తగ్గించుకో నాయనా. ఒక కెమెరా, ఒక లెన్సు చాలు. పడవలో అంతా దగ్గరే ఉంటుంది, వెడల్పుది తీసుకో."

మొదటి సగం భక్తిగా విన్నాను. రెండో సగం దగ్గర నా సొంత తెలివి అడ్డొచ్చింది. సముద్రం పెద్దది, అందులో ఉండేవన్నీ దూరంగా ఉంటాయి, కనుక పొడుగు లెన్సే సరైనది. ఈ తర్కంలో తప్పెక్కడుందో మీరే చెప్పండి.

తెల్లవారాక బయల్దేరాం. ఒడ్డు సన్నని గీతయ్యేసరికి పోలయ్య తెడ్డు ఆపి, కదలొద్దన్నట్టు చెయ్యి చూపించాడు. పడవ కింద నీళ్ళు నల్లబడ్డాయి. ఆ నలుపు మెల్లగా పైకి తేలి, మా పక్కనే చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నిలిచింది. చేప. ఒళ్ళంతా తెల్లటి చుక్కలు, ఎవరో సముద్రం లోపల కూర్చుని ముగ్గుకు చుక్కలు పెట్టి కలపడం మరిచిపోయినట్టు.

"ఇది ఎవుర్నీ ఏం చెయ్యదులే అబ్బయా," అన్నాడు పోలయ్య. "మా నాయన ఒక్కసారి చూసినాడంట. నేను ఇదే చూడ్డం."

కెమెరా కంటికి ఆనించాను. మసక. లెన్సు ఎటు తిప్పినా మసకే. అది అంత దగ్గరి వస్తువును చూడలేదు మరి. ఒకడుగు వెనక్కి వేశాను. కాస్త తేటపడింది గానీ, చుక్కలు తప్ప చేప లేదు. ఇంకో అడుగు వేయబోతుంటే చొక్కా వెనకనుంచి బిగిసింది.

"యాడికి పోతా ఉండావు అబ్బయా? యెనక ఉండేది సముద్రం."

చొక్కా ఆయన చేతిలో ఉండగానే మూడు ఫోటోలు నొక్కాను. తర్వాత నాకే తెలియకుండా కెమెరా దించేశాను. వాకిలంత నోరు, గోళీకాయంత కన్ను, అల్లంత వెనక ఎక్కడో తోక. ఆ కన్ను మమ్మల్ని చూసిందో లేదో తెలియదు. పోలయ్య నా చొక్కా వదిలి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. చేప అలాగే మునిగి, నీళ్ళు మళ్ళీ ఆకుపచ్చగా అయ్యేదాకా ఇద్దరం చేతులు దించలేదు.

ఏనుగు పోయి తోక చిక్కిందంటారు. నాకు తోక కూడా చిక్కలేదు, ఉత్త చుక్కలే చిక్కాయి. రాఘవయ్యగారు ఫోటోలు మూడూ వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు.

"చీర బాగుంది. ఎవరిది నాయనా?"

పత్రికకు పంపే ధైర్యం లేక, ఒకటి తీసుకుని మళ్ళీ జువ్వలదిన్నె పోయి పోలయ్యకిచ్చి క్షమించమన్నాను. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని చూశాడు.

"బాగానే వచ్చిందే. నాకూ ఇంతే కనపడింది," అన్నాడు.

ఆ ఒడ్డునే, సముద్రం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: నాకంటే పెద్దదాన్ని చూడబోయేటప్పుడు, దాన్ని ఇంకా పెద్దది చేసే వస్తువును జన్మలో వెంట తీసుకెళ్ళను.