దేవుడి గదిలో కొళాయి

కొత్తగూడ ఫ్లైఓవరు దగ్గర ఈ ఫ్లాటు కొన్నప్పుడు బ్రోకరు మాకు అన్నిటికన్నా ముందు చూపించింది దేవుడి గది. నిజానికది గది కాదు, వెనకటి ఓనరు వాషింగ్ మెషీన్ పెట్టుకున్న బాల్కనీ. మెషీనుని బాత్రూములోకి తోసేసి, పక్కనున్న సింకు తీసేసి, బాల్కనీకి అద్దాలు బిగించి, పాలరాతి మందిరం నిలబెట్టాడు. పైపులు మాత్రం పీకలేదు. మెషీను పైపుకో డమ్మీ మూత, గిన్నెలు తోమే సింకు పైపుకో డమ్మీ కొట్టి, అవి కనపడకుండా మందిరం అడ్డం పెట్టి, చివర్న ఒక్క కొళాయి ఉంచాడు. ఈ ఊళ్ళో ఇల్లు బాగు చేయించడమంటే ఇంతే. పైన పటారం, లోన లొటారం.

ఆ కొళాయి మా అమ్మ సొంతమైంది. పాపని చూసుకోవడానికి కాకినాడ నుంచి వచ్చి అమ్మ మాతోనే ఉండిపోయింది. వంటింటి కొళాయి పనమ్మాయి ముట్టుకుంటుంది, తాగే నీళ్ళ క్యాను ఎవరి భుజమెక్కి వస్తుందో తెలియదు, కాబట్టి దేవుడికి ఈ నీళ్ళే. మడి కొళాయి అన్నమాట. పొద్దున్నే స్నానం చేసి చిన్న రాగి చెంబుతో పట్టుకునేది. ఆ తర్వాత మళ్ళీ మర్నాటి దాకా దాన్ని ఎవరూ తిప్పకూడదు.

అయిదేళ్ళ మా పాపకి ఎండాకాలం నుంచి కడుపు బాగుండటం లేదు. వాంతులు, విరేచనాలు, నాలుగు రోజులు నయం, మళ్ళీ మొదలు. బుగ్గలు పీక్కుపోయాయి. గౌను భుజాల మీంచి జారిపోతుంటే చూడలేక నేను పిన్నులు పెట్టేదాన్ని. మేం వెళ్ళినప్పుడల్లా డాక్టరు ఏ నీళ్ళు తాగుతోందని అడిగేవాడు. "కాచి చల్లార్చినవేనండి" అని అమ్మా నేనూ ఒకే గొంతుతో చెప్పేవాళ్ళం. బయటి తిండి మాన్పించాం, క్యాను మార్చాం, సీసాలు ఉడకబెట్టాం. ఏం చేసినా పిల్ల తేరుకోలేదు.

ఈలోగా మందిరం వెనక గోడ చెమ్మెక్కి ఉబ్బింది. ప్లంబరు వచ్చి గోడని తట్టి, డమ్మీల దగ్గరే కారుతోందని చెప్పి, రేపొస్తానని వెళ్ళాడు. ఫోను చేసినప్పుడల్లా దగ్గరికొచ్చేశానంటాడు. ఆ అబద్ధానికి ఒళ్ళు మండి, ఒక శనివారం నేనే దుకాణానికి పోయి హ్యాక్సా బ్లేడు, పైపు మూతలు, అతికించే సొల్యూషన్ తెచ్చుకున్నాను. మా లైనుకి నీళ్ళు కట్టేయమని వాచ్‌మన్‌ని అడిగాను.

"జర జల్దీ కానియ్యుండ్రి మేడం. లేకుంటే పైనోళ్ళు లొల్లి జేస్తరు" అన్నాడు. మెట్లెక్కుతూ మళ్ళీ ఆగి, "ఆడోళ్ళు గిట్ల పైపులు కోసుడు నేనైతే సూడలే" అని నవ్వాడు.

అమ్మ పాపని ఒళ్ళో పెట్టుకుని హాల్లోంచే హెచ్చరించింది. "ఆ డమ్మీలు పీకితే పీకు గానీ, నా కొళాయి జోలికి పోకు."

మందిరం జరిపి మెషీను పైపు కోశాను. ముందు కంపు వచ్చింది. ఎలుక చచ్చిన గదిలాంటి కంపు. తర్వాత టీ రంగు నీళ్ళు కారాయి. వాటి వెనక చీమిడిలా సాగుతూ నల్లటి జిగట నా మణికట్టు మీదకి జారింది. మొహం తిప్పుకుందామంటే చుట్టూ దేవుడి పటాలే. సింకు పైపులోనూ అదే రోత. ఛీ, ఒక మనిషి దీనికి డమ్మీ కొట్టి, పైన దేవుణ్ణి కూర్చోబెట్టి, మాకు అమ్మి పోయాడు!

అప్పుడు చూశాను. ఈ రెండు పైపులూ అమ్మ కొళాయికి పోయే పైపుకే అతికి ఉన్నాయి. ఆ కొళాయిలోకి వచ్చే ప్రతి చుక్కా ఈ కుళ్ళుని తాకే వస్తుంది. కొళాయి పక్కన కూడా కోశాను. లోపలంతా నల్లటి పాచి.

పూజయ్యాక అమ్మ పాపకి రోజూ తీర్థం పోస్తుంది. తులసి, పచ్చకర్పూరం వేస్తుంది కాబట్టి వాసన తెలియదు. తనూ పుచ్చుకుంటుంది గానీ ఆ కడుపు రాళ్ళనైనా అరిగించుకుంటుంది. నేను పూజ కాకముందే గచ్చిబౌలి బస్సెక్కేస్తాను. డాక్టరు ఎన్నిసార్లు అడిగినా మాకు తీర్థం గుర్తు రాలేదు. మా ఇంట్లో తీర్థం నీళ్ళ కిందకి రాదు.

ఇక ఆ లైను ఉంచబుద్ధి కాలేదు. చివర్న మూత పెడితే వెనక నీళ్ళు మళ్ళీ కుళ్ళుతాయి. అందుకని వంటింటి పైపు నుంచి చీలే చోటే కోసి, తుడిచి, సొల్యూషన్ రాసి, మూత తిప్పి గట్టిగా అదిమి పట్టుకున్నాను. కొళాయితో సహా మిగతాదంతా ఊడబెరికాను.

"నా కొళాయేదే?" అంటూ అమ్మ వచ్చింది. చూడు నీ మడి అని అరుద్దామనుకున్నాను. కానీ పైపు ముక్క చేతికిచ్చాను. వాసన చూసింది. లోపల వేలు పెట్టి చూసింది.

"వాంతులైన రోజున తగ్గుతుందని ఇంకో ఉద్ధరిణె ఎక్కువ పోసేదాన్నే" అంది.

పాప మెల్లగా కోలుకుంది. ఇప్పుడు తీర్థం కూడా కాచిన నీళ్ళే. కాకపోతే అమ్మ పాపకి తన చేత్తో పోయడం మానేసింది. పూజ కాగానే ఉద్ధరిణె నాకిచ్చి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. ఆఫీసు బస్సు తప్పిపోయినా సరే, నేనే పోయాలి.