కుంపటి తెచ్చిన రంగు

మొన్న మా ఆవిడకి నలతగా ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నర్సమ్మ వేలికి క్లిప్పు తగిలించి, ఆక్సిజన్ తొంభై తొమ్మిది ఉందనీ, మనిషి రంగు కూడా బాగుందనీ చెప్పింది. ఏ మొగుడైనా సంతోషించే మాటే, నాకు మాత్రం ముచ్చెమటలు పోశాయి. ఎందుకో మన వయసు వాళ్ళకి చెబితేనే అర్థమవుతుంది.

మా పెద్దమ్మాయి పుట్టిన ఏడాది నేను కొత్త సైన్సు మాస్టారిని. రక్తంలోని హిమోగ్లోబిన్ నాలుగు సీట్ల బండి అనీ, ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కి అవసరమైన చోట మర్యాదగా దిగిపోతుందనీ, ఒకరెక్కితే తక్కినవాళ్ళు ఎక్కడం మరింత సులువనీ, బొగ్గులు సరిగా కాలనప్పుడు పుట్టే వాసన లేని విషవాయువు మాత్రం కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేసి, దిగమన్నా దిగదనీ, పైగా రక్తాన్ని ఎర్రగా మెరిపిస్తుందనీ, పక్క ఊరికి వినబడేంత గొంతుతో పాఠం చెప్పేవాణ్ణి.

పురుడు పొందూరులో, మా అత్తగారింట్లో. పుష్యమాసం. జిల్లాలోని చలంతా తన గుమ్మం ముందే కాపు కాసినట్టు ఆవిడ పురిటిగది కిటికీలు బిగించి, సందుల్లో నూలు వడకగా మిగిలిన దూది కూరి, ఈగైనా అర్జీ పెట్టుకోందే లోపలికి పోలేకుండా చేసి, లంకంత కుంపటిలో బొగ్గులు రాజేసి మంచం పక్కన పెట్టారు. నాకు గడప దాటే అనుమతి లేదు. కొద్దిరోజులకే మా ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి.

"సూడు బాబూ, ఏటి రంగొచ్చినాదో!" అని అత్తగారు మురిసిపోయారు. తల పగిలిపోతోందని కూతురు మూలిగితే, "బాలింతకి తలనొప్పి రాక నాట్యం వస్తాదేటి?" అని కొట్టిపారేశారు.

ఒక మధ్యాహ్నం అక్కకి అన్నం పెట్టడానికి వెళ్ళిన మా మరదలు గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది.

"బావా, నాకూ తలకాయ పగిలిపోతన్నాది. అక్క పలకడం నేదు."

"ఒసే, అక్కకేటొస్తే నీకూ అదే కావాలేటే?" అని అత్తగారు గదమాయించారు.

మరదలు బాలింత కాదు కదా! నా పాఠమంతా ఒక్కసారి నెత్తిన పడింది. గుమ్మం దగ్గరికి ఉరికితే అత్తగారు కోటగోడలా అడ్డం నిలబడ్డారు.

"గాలి తగిల్తే సచ్చిపోతాది బాబూ!"

"గాలి లేకే చచ్చిపోతోందండీ!"

ఆవిణ్ణి పక్కకి నెట్టి, తల్లినీ బిడ్డనీ వాకిట్లోకి తెచ్చాను. మా ఆవిడ పెళ్ళినాటికంటే అందంగా, ఎర్రగా ఉంది. పిలిస్తే పలకదు. బిడ్డ మెడ వాలిపోయి ఉంది. మొన్నటి క్లిప్పు ఆ రోజు ఉన్నా మా అత్తగారి పక్షానే మాట్లాడేది. సీట్లు నిండాయని చెబుతుందే కానీ, కూర్చున్నదెవరో దానికి తెలియదు. శ్రీకాకుళం దాకా జీపులో వెళ్ళిన ఆ దారి నాకు కాశీ కంటే దూరమైంది. అక్కడి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక ముందు బిడ్డ ఏడ్చింది. తల్లి కళ్ళు తెరిచేసరికి పొద్దు గూకింది.

ఆ తరవాత అత్తగారు మరెన్నడూ ఎవరి రంగునీ మెచ్చుకోలేదు. రెండో పురుటికి గదిలో అడుగే పెట్టలేదు. తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి, గడప మీద కూర్చుని, చలికి తనే వణికేవారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు పురుళ్ళన్నీ ఏసీ గదుల్లో. కుంపట్లు పోయాయి, పోవలసినవే. ఆ గదుల తలుపులు వాటంతటవే మెల్లగా మూసుకుంటాయి. కాలు అడ్డం పెట్టి కూర్చునేవాళ్ళే కనబడరు.